సొరుగులో రెండో మౌసు

పాము పన్నెండేళ్ళు పగ పడుతుందంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళెవరూ కుట్టుమిషన్లు బాగుచేసేవాణ్ణి కెలికి ఉండరు. సూది ఎక్కడ దారం తెంపుతోందో కనిపెట్టడానికి పూటంతా మిషన్ కింద తల పెట్టుకుని కూర్చోగలిగినవాడు పగ పట్టాడంటే, పాము కూడా వచ్చి అతని దగ్గర శిష్యరికం చేయాల్సిందే.

మన మిషన్లవాడు ఒక ఇంటికి చిన్నల్లుడు. ఆ ఇంటి పెద్దల్లుడంటే అతనికి పడదు. పడదు అనడం మర్యాదకి. పెద్దల్లుడు మెట్లు దిగుతుంటే, ఆ మెట్లు ఎక్కడైనా తడిగా ఉన్నాయేమోనని చిన్నల్లుడు ఆశగా చూసేవాడు. అదీ సంగతి.

కారణం ఒక షెడ్డు. పెద్ద రోడ్డు మీద కాదు, దాని వెనక వీధిలో. రేకుల కప్పు, ఇనప షట్టరు, లోపల మిషన్ నూనె వాసన. షట్టరు సగం ఎత్తితే చాలు, వెలుతురు కొలిచి పోసినట్టు సరిగ్గా బల్ల మీద పడేది. పెళ్ళికి ముందునుంచీ చిన్నల్లుడి బతుకు ఆ బల్ల దగ్గరే. అటువంటి షెడ్డులో ఇప్పుడు పెద్దల్లుడి కారు నిద్రపోతోంది.

అదెలా జరిగిందో చెప్పుకోవాలి.

పెద్దల్లుడు మాటకారి. ఆయన మొదలుపెడితే గోడ గడియారం టిక్కుటిక్కు మానేసి వినేదట. ఒకసారి ఎవరో తప్పు నంబరుకి ఫోన్ చేస్తే, వాడిచేత కూడా ఏవో షేర్లు కొనిపించిగాని ఫోన్ పెట్టలేదట. అంతటివాడు తోడల్లుణ్ణి తన ముందుగదిలో కూర్చోబెట్టి, షేర్లాట నేర్పుతానన్నాడు.

"ఏ పూటకాపూటే తమ్ముడూ. పొద్దున కొంటాం, సాయంత్రంలోగా అమ్మేసి చేతులు కడుక్కుంటాం. ఎంతకాలమని ఆ మిషన్ల కింద తల పెట్టుకుని నల్లబడతావు?"

చిన్నల్లుడు ఒక సిమెంటు కంపెనీ షేరు కొన్నాడు. కొన్న గంటకే అది దిగడం మొదలైంది. "స్టాప్‌లాస్ పెట్టనా అన్నయ్యా?" అని అడిగాడు. స్టాప్‌లాస్ అంటే ఏమీ లేదు, ధర ఫలానా చోటు దాటి దిగితే నష్టానికైనా సరే అమ్మేసి బయటపడటానికి ముందుగా కట్టుకునే తాడు.

"తాడెందుకు తమ్ముడూ, మనమేమన్నా దూడలమా? దిగినకొద్దీ ఇంకా కొను. చవగ్గా వస్తుంటే కాలదన్నుకుంటావా?"

చిన్నల్లుడు కొన్నాడు. ఇంకా దిగింది. ఇంకా కొన్నాడు. ఒక్క పూటలో తేలిపోవాల్సిన బేరం వారాల తరబడి సాగింది. సొంత డబ్బు అయిపోతే అప్పు తెచ్చి మరీ కొన్నాడు. చివరికి ఆ అప్పు షెడ్డుని మింగింది. కొన్నదెవరనుకున్నారు? పెద్దల్లుడే. "పరాయివాడి చేతిలో పడకుండా ఇంట్లోనే ఉంటుందిలే" అని మామగారి ముందు ఎంతో త్యాగం చేస్తున్నవాడిలా మొహం పెట్టి కొన్నాడు.

అక్కడితో ఆగితే చిన్నల్లుడు తలరాత అనుకుని ఊరుకునేవాడేమో. కాని ఒక ఆదివారం మామగారింట్లో అందరూ భోజనాల బల్ల దగ్గర చేరినప్పుడు, పెద్దల్లుడి నాలుకకి దురద పుట్టింది.

"మా తమ్ముడు పట్టుకున్న షేరు పాతాళం దాకా తవ్వుకుంటూ పోతుంది మామయ్యగారూ. బావి తవ్వించుకునేవాళ్ళెవరైనా ఉంటే కబురు చేయండి, మనవాణ్ణి పంపిద్దాం."

అందరూ నవ్వారు. అత్తగారికి పొలమారింది. మామగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వుల ఊపులో పెద్దల్లుడు ఇంకో మాట జారాడు.

"అసలు నా దగ్గరా ఉండేవి ఆ షేర్లు. వీడు కొన్న రోజే వదిలించుకున్నా. నేను అమ్ముతున్నానని చెప్తే వీడు బెదిరిపోడూ? కొనేవాళ్ళు ఉంటేనే కదా అమ్మేవాడు బతికేది."

చిన్నల్లుడు కూడా నవ్వాడు. అందరికన్నా కాస్త ఎక్కువసేపే నవ్వాడు. వడ్డిస్తున్న వదిన, అంటే పెద్దల్లుడి భార్య, ఒక్కతే అతని మొహం చూసి, అతని పళ్ళెంలో ఇంకాస్త కూర వేసింది.

ఇంటికి వెళ్తూ దారిలో భార్యతో అన్నాడు. "ఆ షెడ్డు మళ్ళీ నా చేతికి రావాలి. తాళంచెవి ఆయన చేత్తోనే ఇవ్వాలి. ఆ బావి మాట అదే బల్ల దగ్గర, అదే మనుషుల ముందు, నేను ఆయనకి తిరిగి వడ్డించాలి."

"మా అక్క మొగుడండీ ఆయన."

"అందుకే ఇంకా బతికున్నాడు."

పగకైనా ఒక బడి కావాలి. ఆ బడి చెప్పుల కొట్టు మీద అంతస్తులో ఉంది. పేరు మేకులమ్మ హాలు.

మేకులమ్మ ఒకప్పుడు షేర్ల దళారీ ఆఫీసులో పనిచేసింది. ఫోన్లో కొను అమ్ము అని అరిచే గొంతులు వినీ వినీ, ఎవడు ఎప్పుడు మునుగుతాడో గొంతు తడిని బట్టి చెప్పగలిగేది. ఉద్యోగం అయిపోయాక ఈ హాలు అద్దెకి తీసుకుని, గోడల వెంట బల్లలు, వాటి మీద కంప్యూటర్లు పెట్టి, రోజువారీ షేర్లాట ఆడేవాళ్ళకి ఇచ్చేది. ఆవిడ పెట్టిన నియమాలు గట్టివి. పొద్దున రాగానే ఫోను బిస్కెట్ల డబ్బాలో పడేయాలి. ఈ రోజు ఎంత పోతే లేస్తావో పలక మీద నీ చేత్తో నువ్వే రాయాలి. అంత పోయిందా, ఆవిడ వచ్చి, మిగిలిన బేరాలు మూసేసి, నీ మౌసు పీకి, గుమ్మం పక్కన కొట్టిన మేకుకి తోకతో వేలాడదీస్తుంది. మళ్ళీ మర్నాడు పొద్దునే దాన్ని ముట్టుకోవాలి. కొన్ని రోజులు ఆ మేకు చూస్తే పిల్లి వేటకి వెళ్ళొచ్చినట్టుండేది.

కీబోర్డుతో కూడా కొనొచ్చు, అమ్మొచ్చు. ఆ విద్య తెలిసినవాణ్ణి మేకులమ్మ మెట్ల మీంచే పంపించేసేది.

పెద్దల్లుడు అప్పటికే ఆ హాల్లో ఉన్నాడు. తన ఇష్టంతో కాదు. సిమెంటు తర్వాత ఆయనకీ రెండు మూడు దెబ్బలు గట్టిగా తగిలాయి. ఒక్కసారి నష్టం వస్తే చాలు, మార్కెట్ తన తండ్రిని తిట్టినట్టు ఊగిపోయి, పోయింది రాబట్టాలని రెట్టింపు మీద రెట్టింపు ఆడేవాడు. వదిన ఇంటి కాగితాలు తీసుకెళ్ళి పుట్టింటి బీరువాలో పెట్టి, "ఆ మేకు ఉన్నచోటైతే ఆడండి, లేకపోతే మానేయండి" అంది. అంతటి మాటకారీ మర్నాడే వచ్చి పలక మీద పేరు రాయించుకున్నాడట.

చిన్నల్లుడు వచ్చి చేరిన రోజున మేకులమ్మ అతని వేళ్ళ మీద నూనె మరకలు చూసింది.

"ఏం పని నాయనా?"

"కుట్టుమిషన్లు బాగుచేస్తానమ్మా. ఇప్పుడు ఇళ్ళకి వెళ్ళి చేస్తున్నాను, షెడ్డు లేదు."

"పల్చటి గుడ్డకీ గోనెకీ ఒకటే కుట్టు వేస్తావా?"

"వేస్తే సూది విరుగుతుంది."

"షేర్లూ అంతే. కొన్ని నెమ్మదిగా ఊగుతాయి, కొన్ని తాగినవాడిలా ఊగుతాయి. ఏది రోజుకి సగటున ఎంత ఊగుతుందో ముందు కొలువు. పెద్ద ఊపున్నదానికి పొట్టి తాడు కట్టావనుకో, అది ఊరికే అటూ ఇటూ కదిలి తెంపేస్తుంది. నువ్వనుకున్న దారినే పోతుంది, నువ్వు మాత్రం దాని మీద ఉండవు. అందుకని ఊపుకి తగ్గ తాడు."

"తాడు పొడుగైతే తెగినప్పుడు నష్టం కూడా పొడుగే కదమ్మా."

"అందుకే ఊపు రెట్టింపైతే షేర్లు సగం కొను. అప్పుడు నెమ్మదిది తెగినా, తాగుబోతుది తెగినా నీకు పోయేది ఒకటే. షేరు ఊగనీ. నువ్వు ఊగకు."

పక్క బల్ల దగ్గర కూర్చునే పాత బస్ కండక్టర్ అందుకున్నాడు. "నాకూ ఇదే చెప్పారు బాబూ. విన్నాక నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, ఇది మంచి మాట. రెండు, ఇది నావల్ల కాదు."

చిన్నల్లుడివల్ల అయింది. గోనెకి గోనె కుట్టు, మల్లుకి మల్లు కుట్టు. ముందు ఊపు కొలిచేవాడు, దాన్ని బట్టి తాడు కట్టేవాడు, తాడుని బట్టి షేర్లు కొనేవాడు. తాడు తెగితే మారు మాట్లాడకుండా లేచేవాడు. గొప్పగా గెలిచిందేమీ లేదు. గెలిచిన రోజు నాలుగు మెతుకులు, ఓడిన రోజు రెండు. కాని చీమ పుట్ట పెట్టినట్టు ఏదో పోగవుతూ వచ్చింది.

పగవాడి కళ్ళు మాత్రం ఒక్క తెర మీదే ఉండవు. అతని కుర్చీ పెద్దల్లుడి కుర్చీకి ఏటవాలుగా వెనక. పొద్దుటినుంచీ రెండింటి ఊపూ కొలిచేవాడు, తెర మీద షేరుదీ, ముందు కుర్చీలో మనిషిదీ. కాస్త నష్టం వస్తే పెద్దల్లుడి కుడి మోకాలు ఆడేది. ఇంకాస్త వస్తే సొరుగు లాగి తలనొప్పి మందు డబ్బా తీసి నుదుటికి రాసేవాడు. మౌసు మేకెక్కిందా, ఇక ఆ మనిషి ఖాళీ చెయ్యి బల్ల మీద తడుముకుంటూనే ఉండేది. లేని మౌసుని వేళ్ళు నొక్కుతూనే ఉండేవి. కాసేపటికి చల్లబడి లేచి ఇంటికి పోయేవాడు.

ఒక రోజు ఆ తడుముకునే చెయ్యి చూస్తుంటే చిన్నల్లుడికి జ్ఞానోదయమైంది. ఈయన్ని ముంచడానికి వేరే గొయ్యి తవ్వక్కర్లేదు. గొయ్యి ఆయన లోపలే ఉంది. దాని మీద మూత ఆ మేకు. మూత తీస్తే చాలు.

పాత సామాన్ల కొట్లో చచ్చిన మౌసు ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి విప్పి, తుడిచి, తెగిన తీగ అతికించి, బతికించాడు. పని అయ్యాక, చేతికున్న అలవాటు కొద్దీ, తోకని ఎనిమిది అంకెలా చుట్టి, మధ్యలో నీలం దారంతో రెండు ముళ్ళు వేశాడు. మర్నాడు అందరికన్నా ముందు హాలుకి వచ్చి, పెద్దల్లుడి సొరుగులో తలనొప్పి మందు డబ్బా వెనక దాన్ని పడుకోబెట్టాడు. విషం పెట్టలేదు, కత్తి పెట్టలేదు. అయినా సొరుగు చప్పుడు కాకుండా మూశాడు.

ఏమీ జరగలేదు. పెద్దల్లుడు గెలిచాడు, ఓడాడు, మేకెక్కాడు, నుదుటికి మందు రాసుకున్నాడు, ఇంటికి పోయాడు. ఎలుక సొరుగులో పడుకునే ఉంది. వర్షాలు వెలిశాయి. "మీ అన్నయ్య ఈమధ్య బుద్ధిమంతుడయ్యాడయ్యా" అని కండక్టర్ అంటే, చిన్నల్లుడికి గుండెలో మంట లేచి కళ్ళలోకి వచ్చింది. ఆయన చూడలేదా? చూసీ ముట్టుకోలేదా?

మధ్యాహ్నం భోజనం తోడల్లుళ్ళిద్దరికీ వదినే పంపేది. చిన్నల్లుడి భార్య ఉద్యోగానికి పొద్దున్నే వెళ్తుందని, ఆవిడ ఎవరూ అడక్కుండానే రెండో క్యారియర్ కట్టడం మొదలుపెట్టింది. మొదటి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండేది. చిన్నల్లుడు అది తింటూ ఆవిడ మొగుడి వీపు చూసేవాడు.

ఆ రోజు రానే వచ్చింది.

నీళ్ళ పంపులు చేసే ఒక కంపెనీ పెద్ద ఉన్నట్టుండి దిగిపోయాడని పొద్దున్నే వార్త పాకింది. ఆ షేరు మామూలుగా బండెద్దులా నడిచేది, ఆ రోజు దానికి తేలు కుట్టింది. చిన్నల్లుడు కొత్త ఊపు కొలిచాడు, షేర్లు బాగా తగ్గించాడు, పొడుగు తాడు కట్టి కొన్నాడు. తెగింది. కాసేపాగి మళ్ళీ కొలిచి మళ్ళీ కొన్నాడు. అదీ తెగింది. పలక మీద రాసిన హద్దు వచ్చేసింది. మేకులమ్మ లేచి రాబోతుంటే, తనే మౌసు ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

పెద్దల్లుడు అప్పుడు గెలుస్తున్నాడు. ఆ షేరు దిగుతుందని, లేని షేర్లు ముందుగా అమ్మేసి పెట్టుకున్నాడు. దిగాక చవగ్గా కొని లెక్క సరిచేస్తే, మధ్య తేడా ఆయనది. కుర్చీ తిప్పి హాలంతా వినేలా అన్నాడు.

"ఏం తమ్ముడూ, అప్పుడే మేకెక్కావా? అంత కొలతలు కొలిచి కూడా? మాలాంటి కొలతల్లేనివాళ్ళం ఇంకా కిందే ఉన్నాం."

"మీరు కానివ్వండి అన్నయ్యా. నేను చూస్తూ నేర్చుకుంటాను."

"చూడు చూడు. ఫీజు కూడా అడగన్లే."

చిన్నల్లుడి కుడి చెయ్యి దానంతటదే బల్ల మీద తడుముకుంది. వేళ్ళు లేని మౌసుని నొక్కాయి. ఆ షేరు ఇప్పుడు పైకి తిరగబోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. తన మౌసు మేకు మీద ఉంది. ఇంకో మౌసు ఎక్కడుందో ఈ భూప్రపంచంలో అతనొక్కడికే తెలుసు. చెయ్యి చాస్తే అందుతుంది. మూత తీసినవాణ్ణే ముందు పిలిచిందా గొయ్యి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

షేరు తిరిగింది. పెద్దల్లుడి మోకాలు ఆడింది. పొద్దుటి లాభం కరిగిపోయింది, తర్వాత నష్టం మొదలైంది, మందు డబ్బా బయటికొచ్చింది, హద్దు దాటింది. మేకులమ్మ వచ్చి బేరం మూసేసి, మౌసు పీకి, చిన్నల్లుడి మౌసు పక్కనే వేలాడదీసింది. తోడల్లుళ్ళిద్దరివీ ఒకే మేకు మీద చేరాయి.

"రెండు సంబంధాలూ కలిసొచ్చాయి" అన్నాడు కండక్టర్. హాలు నవ్వింది. పెద్దల్లుడు నవ్వలేదు.

మేకులమ్మ భోజనానికి లోపలి గదిలోకి వెళ్ళింది. ఎవరి తెరలో వాళ్ళు మునిగారు. పెద్దల్లుడు ఇంటికి వెళ్ళలేదు. సొరుగు లాగాడు. ఈసారి మందు డబ్బా కోసం కాదు. చెయ్యి తిన్నగా డబ్బా వెనక్కి వెళ్ళింది, తోక చుట్టుకున్న ఎలుకతో బయటికొచ్చింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చిన్నల్లుడి కళ్ళలోకి చూశాడు. తర్వాత దాన్ని తగిలించాడు. దారం కూడా పూర్తిగా విప్పలేదు.

చిన్నల్లుడి ముందు క్యారియర్ తెరిచి ఉంది. నోట్లో వదిన పంపిన ముద్ద. "అమ్మా" అని ఒక్క కేక వేస్తే చాలు, లోపలి గదినుంచి మేకులమ్మ వచ్చి ఎడంచేత్తో పీకేస్తుంది. ఆవిడ ఆ మేకు కొట్టిందే అందుకు. వదిన ఈయన్ని ఇక్కడికి పంపిందీ అందుకే. చిన్నల్లుడికి షెడ్డులో వెలుతురు గుర్తొచ్చింది, దాంట్లో నిద్రపోతున్న కారు గుర్తొచ్చింది. అత్తగారికి పొలమారిన చప్పుడు చెవిలో మోగింది. ముద్ద నమిలాడు. మళ్ళీ నమిలాడు. గుజ్జయిపోయినా నములుతూనే ఉన్నాడు, నోరు ఖాళీ అయితే కేక వచ్చేస్తుందేమోనని.

పెద్దల్లుడు ఆ పంపుల షేర్లే మళ్ళీ అమ్మాడు. పొద్దుటికి రెట్టింపు. పెరిగింది. ఇంకా అమ్మాడు. ఇంకా పెరిగింది. తాడు లేదు, కొలత లేదు. దిగిపోయిన పెద్ద స్థానంలో గట్టివాడెవడో వస్తున్నాడని ఈలోగా ఇంకో వార్త పాకింది. ఒక షేరు ధర ఒక రోజులో ఇంతకన్నా పెరగకూడదని ఒక హద్దు ఉంటుంది. దాన్ని సర్క్యూట్ అంటారు. ఆ షేరు నిచ్చెన లేకుండా అక్కడిదాకా ఎక్కి అటక మీద కూర్చుంది. కొనేవాళ్ళు బారులు తీరారు, అమ్మేవాడు ఒక్కడు లేడు. పెద్దల్లుడు తన దగ్గర లేని షేర్లు అమ్మాడు కదా, సాయంత్రంలోగా ఎక్కడినుంచైనా కొని ఇవ్వాలి. ఎక్కడినుంచి? ఎంతకైనా కొంటాననే బటను నొక్కాడు. నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ఈసారి ఆయన చేతిలో నిజంగానే మౌసు ఉంది, కాని అదీ లేనట్టే అయింది.

మేకులమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ముందు తెర చూసింది, తర్వాత మేకు చూసింది, తర్వాత ఆయన చెయ్యి చూసింది.

"ఇదెక్కడిది?"

హాలంతా తిరిగింది. చిన్నల్లుడు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"నాదేనమ్మా" అన్నాడు పెద్దల్లుడు. "నేనే తెచ్చుకున్నా."

ఆవిడ తిట్టలేదు. పలక మీద ఆయన పేరు తడిగుడ్డతో తుడిచేసింది. "మీ ఆవిడకి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. రేపటినుంచి ఈ మెట్లెక్కొద్దు" అంది.

అమ్మిన షేర్లు తెచ్చివ్వలేకపోతే మార్కెట్టే వేలంలో కొని, ఆ ఖర్చూ దండగా అమ్మినవాడి నెత్తిన వేస్తుంది. పెద్దల్లుడి నెత్తిన పడింది చిన్న బరువు కాదు. ముందు కారు పోయింది. అది చాలక షెడ్డు అమ్మకానికి పెట్టాడు. చిన్నల్లుడు చీమలా పోగేసింది తీసి, భార్య దాచుకున్నది కలిపి, మామగారి మధ్యవర్తిత్వంతో కొన్నాడు.

తాళంచెవి ఇవ్వడానికి పెద్దల్లుడు నడిచి వచ్చాడు.

"షట్టరు ఎడమ పక్క కాస్త పట్టేస్తుంది తమ్ముడూ."

"తెలుసు. నేను పెట్టించిందే."

"నీలం దారం ఇంకా ఉందా, అయిపోయిందా?"

తాళం తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు సొరుగులో పెట్టిన రోజే చూశాను. మా ఇంటి మిషన్ తీగకి నువ్వు కట్టిన ముడి ఇన్నేళ్ళూ అలాగే ఉంది. ముచ్చటగా ఉందని మీ వదిన విప్పనివ్వదు. ఆ చుట్టు ఎవరిదో నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు ముట్టుకున్నారు మరి?"

"నీ మౌసుతోనే గెలిచి, సాయంత్రం దాన్ని నీ చేతిలో పెడదామనుకున్నా. ఇచ్చేటప్పుడు అనాల్సిన మాట కూడా తయారుచేసుకున్నా. మంచి మాట."

"ఏం మాట?"

"ఇప్పుడెందుకులే. గెలిచినవాడి నోట్లోనే దానికి అందం."

"మేకులమ్మకి నా పేరు చెప్పలేదేం?"

"నీ ఉచ్చులో పడ్డానని నలుగురిలో చెప్పుకోమంటావా? దానికన్నా దొంగనని చెప్పుకోవడం నయం."

అని, లేని కారు తాళాలు జేబులో ఉన్నాయేమోనని అలవాటుగా తడుముకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. అదే బల్ల, అదే మనుషులు. వదిన వడ్డిస్తోంది. చిన్నల్లుడు ఆ మాటని ఇన్నాళ్ళూ నూనె పోసి, తుడిచి, పదును పెట్టుకుని ఉంచుకున్నాడు. అందరూ రెండు ముద్దలు తినేదాకా ఆగాడు.

"మామయ్యగారూ, బావి తవ్వించుకునేవాళ్ళెవరైనా ఉంటే కబురు చేయండి. అన్నయ్య ఖాళీగానే ఉన్నాడు. ఈయన తవ్వితే పాతాళం దాటి అవతలి పక్క తేలుతుంది."

అందరికన్నా ముందు నవ్వింది పెద్దల్లుడు. కుర్చీ కిర్రుమనేలా, పళ్ళెం కదిలేలా నవ్వాడు. చిన్నల్లుడు ఇన్నాళ్ళూ మనసులో ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లో చూసుకున్నాడు. ప్రతిసారీ ఆ మొహం నల్లబడింది, ఒక్కసారీ నవ్వలేదు.

"తవ్వింది నేనే మామయ్యగారూ, ఒప్పుకుంటా" అన్నాడు పెద్దల్లుడు కళ్ళు తుడుచుకుంటూ. "కాని గునపం ఇచ్చింది మా తమ్ముడు. అదీ ఊరికే కాదు, పిడికి నీలం దారం కట్టి మరీ ఇచ్చాడు."

మామగారికి అర్థం కాలేదు, అయినా నవ్వారు. అత్తగారు నవ్వారు. చిన్నల్లుడి భార్య మొగుడి వైపు చూసింది. వదిన చేతిలో గరిటె గాల్లో ఆగింది. మొగుణ్ణి హాల్లోంచి పంపించేయించిన రెండో మౌసు సంగతి ఆవిడకి తెలుసు. నీలం దారం సంగతి తన ఇంటి మిషన్ దగ్గర రోజూ చూస్తూనే ఉంది. రెండింటినీ కలిపి కుట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? గరిటె కిందికి దిగి, చిన్నల్లుడి పళ్ళెంలో ఎప్పుడూ వేసినంతే వేసింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆవిడ మొహం చూసి ఊపు కొలుద్దామనుకున్నాడు. కొలవడానికి ఏమీ కదల్లేదు.

సోమవారం షట్టరు సగం ఎత్తాడు. వెలుతురు వచ్చి సరిగ్గా బల్ల మీద పడింది. నూనె డబ్బా తెరిచి వాసన చూసి, లోకంలో ఇంతకన్నా మంచి అత్తరు లేదనుకున్నాడు. అప్పుడే వీధిలో తోపుడుబండి ఆగింది. మొదటి బేరం. బండి మీద వదిన కుట్టుమిషన్.

"అమ్మగారు బాగుచేసి ఇమ్మన్నారండీ" అన్నాడు బండివాడు దించుతూ. "ఎంతవుతుందో అడిగి, అంతా ఇచ్చేసి రమ్మన్నారు."

ఇన్నేళ్ళలో ఆ మిషన్‌ని ఎన్నిసార్లు బాగుచేశాడో, ఎప్పుడూ డబ్బు మాట లేదు. ఇచ్చినా పుచ్చుకునేవాడు కాదు, ఇవ్వబోతే ఆవిడ వదినే కాదు. మధ్యాహ్నం క్యారియర్ సంగతి అడుగుదామని నోరు తెరిచి, మానేశాడు. బండి మీద క్యారియర్ లేదు. ఇక ఉండదని కూడా తెలిసింది.

నీలం దారం తీసేసి ఉంది. ముళ్ళు విప్పలేదు, కత్తిరించారు. తీగ మాత్రం ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఇంకా ఎనిమిది అంకెలాగే ముడుచుకుని ఉంది.

చిన్నల్లుడు మిషన్ కింద తల పెట్టాడు. చక్రం తిప్పాడు, సూది ఆడించాడు, బెల్టు లాగి చూశాడు, దారం ఎక్కించి గుడ్డ పీలిక మీద నాలుగు కుట్లు వేశాడు. ముత్యాల్లా పడ్డాయి. ఇంకో పీలిక తీసుకున్నాడు. ఎక్కడైనా ఏదైనా లోపం దొరక్కపోతుందా అని వెతుకుతూనే ఉన్నాడు. మిషన్‌లో ఏ లోపమూ లేదు.

"ఎంతని చెప్పమంటారండీ?" అని బండివాడు పైనుంచి రెండోసారి అడిగాడు.